కామాఠిపుర చైత్రం: పండుగలు, సెలవులు, మరుగునపడ్డ పేర్లు

మహారాష్ట్ర ప్రభుత్వం ఏటా ప్రకటించే సెలవుల జాబితాలో ఉగాది అన్న మాట కనిపించదు. గుడీ పాడ్వా కనిపిస్తుంది. అయినా ముంబైలో గ్రాంట్ రోడ్‌ను ఆనుకొని ఉన్న కామాఠిపుర తెలుగువాళ్ళకు పండుగ పూట సెలవు దొరకదన్న బెంగ లేదు. రెండూ చైత్ర శుద్ధ పాడ్యమి నాడే వస్తాయి. మరాఠీ ఇంటి కిటికీలో వెదురు కర్రకు పట్టుగుడ్డ చుట్టి, వేపరెమ్మ, చక్కెర పేర్ల దండ కట్టి, పైన చెంబు బోర్లించి గుడీని నిలబెట్టే వేళకు, అదే చాల్‌లో, అంటే వరుస గదుల భవనంలో, పక్క ఖోలీలో కొత్త కుండలో చింతపండు పులుసు, కొత్త బెల్లం, మామిడి తురుము, వేపపువ్వు కలుస్తుంటాయి. తెలంగాణ పద్ధతిలో పచ్చడి అంటే గ్లాసులో పోసుకొని తాగేదే. ఇటు పోలెలు, అటు పూరణ్ పోళీ. పూర్ణం ఒకటే, పిండి ఒకటే.

సెలవుల జాబితా చూడటానికి పొడి కాగితంలా ఉంటుంది. దాని వెనక మాత్రం పంచాంగాలు ఉన్నాయి, వలసలు ఉన్నాయి, ఉద్యమాలు ఉన్నాయి. గ్రాంట్ రోడ్ తెలుగువాళ్ళ ఏప్రిల్ నెలను పట్టి చూస్తే ఈ మూడూ ఒకచోట కలుస్తాయి. 2024 ఏప్రిల్‌నే తీసుకోండి. 9న ఉగాది, 11న రంజాన్, 14న అంబేడ్కర్ జయంతి, 17న శ్రీరామనవమి, 21న మహావీర జయంతి, నెల దాటగానే మే 1న మహారాష్ట్ర దినం. వీటిలో 14, 21 ఆదివారాలే అయ్యాయి. ఉద్యోగులు అయ్యో, రెండు సెలవులు పోయాయే అనుకున్నారు. అసలు ఆదివారం సెలవెలా అయింది, దానికోసం ఎవరు కొట్లాడారు, ఆ కొట్లాటకు గొంతునిచ్చిన పత్రిక వెనక ఎవరి డబ్బు ఉంది అన్న కథలో కొన్ని తెలుగు పేర్లున్నాయి. వాటిని తెలుగువాళ్ళే ఎక్కువగా మరిచిపోయారు.

ముందు ఊరి సంగతి. ఏడు దీవుల బొంబాయిలో పోటు వచ్చినప్పుడల్లా సముద్రం లోపలికి తోసుకొచ్చేది. గవర్నర్ విలియం హార్న్‌బీ పట్టుబట్టి వేయించిన రాతికట్ట, హార్న్‌బీ వెల్లార్డ్, 1784 నాటికి పూర్తయింది. నీళ్ళు వెనక్కి తగ్గి పల్లపు నేల బయటపడింది. దాన్ని మెరక చేయాలి, రోడ్లు వేయాలి, ఇళ్ళు కట్టాలి. ఆ మట్టి మోయడానికి, రాయి కొట్టడానికి, గోడ లేపడానికి నిజాం రాజ్యం నుంచి తెలుగు పనివాళ్ళు వచ్చారు. వాళ్ళను బొంబాయి కామాఠీలు అంది. 18వ శతాబ్దం చివర వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠిపుర అయింది. 1909లో ఎస్.ఎం. ఎడ్వర్డ్స్ కూర్చిన బొంబాయి నగర గెజిటీర్ ఈ సంగతిని నమోదు చేసింది. ఇదే పేరుతో హైదరాబాద్‌లో పురానాపూల్ దగ్గరా ఒక పేట ఉంది. పనివాడు వెళ్ళిన చోటల్లా పేరు కూడా వెంట వెళ్ళింది.

అప్పటికి రైలు లేదు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది 1874లో. అంటే మొదటి మూడు తరాల వాళ్ళు వందల మైళ్ళు కాలినడకన, ఎడ్ల బండ్ల మీద వచ్చారు. 1835 నుంచి 1838 వరకు గవర్నర్‌గా ఉన్న సర్ రాబర్ట్ గ్రాంట్ పేరుతో పేటకు దక్షిణాన పెద్ద రోడ్డు పడింది. నేడు దాని పేరు మౌలానా షౌకత్ అలీ రోడ్. 1864లో సూరత్ వైపు నుంచి రైలు గ్రాంట్ రోడ్ దాకా వచ్చి ఆగింది. దానికి పదేళ్ళ ముందే, 1854లో, పక్కనున్న తాడ్‌దేవ్‌లో కావస్‌జీ దావర్ బొంబాయి మొదటి నూలు మిల్లుకు పునాది వేశాడు. తెలుగు పేట చుట్టూ రోడ్డు, రైలు, మిల్లు, నాటకశాలలు చేరాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో కొన్ని గల్లీలు వేశ్యావాటికలయ్యాయి. సినిమాలు, నవలలు ఆ గల్లీలనే కామాఠిపురగా లోకానికి చూపించాయి. ఇక్కడే పిల్లల్ని బడికి పంపి, బతుకమ్మ పేర్చి, చిట్టీలు కట్టి బతికిన సంసారాల మీద ఆ బొమ్మ పెట్టిన మచ్చ చిన్నది కాదు. పెళ్ళి సంబంధాల దగ్గర, ఉద్యోగం దరఖాస్తులో చిరునామా రాసే దగ్గర అది తగులుతూనే ఉంటుంది.

తెలుగు పంచాంగమూ మరాఠీ పంచాంగమూ కలవడం యాదృచ్ఛికం కాదు. రెండూ చాంద్రమానాన్నే పాటిస్తాయి. రెండింటిలోనూ అమావాస్యతో నెల ముగుస్తుంది. రెండూ శాలివాహన శకాన్నే లెక్కిస్తాయి. క్రీస్తుశకం 78తో మొదలయ్యే ఆ శకానికి పేరిచ్చిన శాలివాహనుడి కథ మరాఠీ ఇళ్ళలో గుడీ పాడ్వాకు చెప్పుకుంటారు. పైఠణ్‌లో కుమ్మరి ఇంట పెరిగిన పిల్లవాడు మట్టి సైనికుల్ని చేసి, ప్రాణం పోసి, శత్రువును గెలిచాడట. పైఠణ్ గోదావరి ఒడ్డున ఉంది. తొలి శాతవాహనుల నాణేలు దొరికిన కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాల కూడా గోదావరి ఒడ్డునే ఉంది. కాబట్టి కామాఠిపురకు వచ్చిన తెలుగు కూలీ పరాయి ఊరికి వచ్చినా పరాయి కాలంలోకి రాలేదు. దసరా, దీపావళి, వినాయక చవితి, శివరాత్రి అన్నీ ఒకే తిథిన పడ్డాయి. గుజరాతీ కొత్త సంవత్సరం కార్తీకంలో. పార్సీల షహెన్‌షాహీ కొత్త సంవత్సరం ఆగస్టులో. తెలుగువాళ్ళది మాత్రం ఇంటి యజమానితో, మేస్త్రీతో, పక్కింటి ఆయనతో పాటే వచ్చింది.

ఒకే రోజైనంత మాత్రాన ఒకే పండుగ కాదు. శ్రీరామనవమి చూడండి. మరాఠీ గుళ్ళలో అది పుట్టినరోజు. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకు ఉయ్యాల ఊపి, శొంఠి కలిపిన సుంఠవడా ప్రసాదంగా పంచుతారు. తెలుగువాళ్ళకు అది పెళ్ళిరోజు. భద్రాచలంలో అభిజిత్ లగ్నంలో సీతమ్మ మెడలో తాళి పడే వేళకు ఎక్కడి తెలుగువాళ్ళైనా పందిట్లో కల్యాణం చేసి పానకం, వడపప్పు పంచుకుంటారు. అటు రాముడు పుట్టే ముహూర్తం, ఇటు రాముడి పెళ్ళి ముహూర్తం, రెండూ ఒకే మధ్యాహ్నం. ఒకే చాల్ వరండాలో ఈ రెండు ప్రసాదాలూ అందుకొని పెరిగిన పిల్లలకు అందులో వింతేమీ తోచదు.

చైత్ర పౌర్ణమి మరో ముచ్చట. మహారాష్ట్ర ఆ రోజు హనుమాన్ జయంతి చేస్తుంది. ఆంధ్రలో వైశాఖ బహుళ దశమికి చేస్తారు. ఇక జగిత్యాల దగ్గరి కొండగట్టు రెండింటినీ ఒప్పుకుంది. పౌర్ణమిది చిన్న జయంతి, దశమిది పెద్ద జయంతి. బొంబాయికి బతకపోయిన వాళ్ళలో జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ వైపు వాళ్ళు ఎందరో. వాళ్ళకు ఇక్కడి తిథి కూడా కొత్తది కాదు. అయితే ఈ పౌర్ణమికి మహారాష్ట్రలో ప్రభుత్వ సెలవు లేదు. తెలుగువాళ్ళ పెద్ద పండుగ సంక్రాంతికీ లేదు. పంచాంగం ఎంత దగ్గరి చుట్టమైనా, సెలవు ఇచ్చేది సర్కారే.

గ్రాంట్ రోడ్ చుట్టుపక్కల వసంతం చాలా మతాల వసంతం. మార్చి 21న పార్సీల జమ్షేదీ నవ్రోజ్. బైకల్లా గ్లోరియా చర్చిలో గుడ్ ఫ్రైడే. అదే బైకల్లాలో మాగెన్ డేవిడ్ ప్రార్థనాలయం ఉంది, నాగ్‌పాడాలో ఒకప్పుడు యూదుల ఇళ్ళుండేవి, పస్కా పండుగ జరిగేది. మదన్‌పురాలో నేతపని ముస్లింలు. తాడ్‌దేవ్ వైపు జైనులు. భాజీ గల్లీలో ఒకే బండి దగ్గర ఒకరు ఉగాదికి మామిడికాయ కొంటే, మరొకరు ఇఫ్తార్‌కు పండ్లు కొంటారు. ఈ పక్కపక్క బతుకే కామాఠిపుర పండుగలకు రంగు పూసింది.

ఇక్కడ ఒక చిన్న పోలిక చెప్పాలి. తమిళులు, మలయాళీలు, పంజాబీలు, బెంగాలీలు, అస్సామీలు సౌరమానం వాళ్ళు. పుత్తాండు, విషు, వైశాఖి, పొయిలా బొయిశాఖ్, బిహు అన్నీ ఏప్రిల్ 13, 14, 15 తేదీల చుట్టూ వస్తాయి. బొంబాయిలో వాళ్ళ కొత్త సంవత్సరాలకు సొంత సెలవు ఎన్నడూ లేదు. మాటుంగా తమిళుడికి పుత్తాండు పూట ఇంటిపట్టున ఉండే వీలు చిక్కింది ఏప్రిల్ 14 వల్ల. ఆ సెలవు అంబేడ్కర్‌ది. 1928లో పుణేలో జనార్దన్ సదాశివ్ రణపిసే మొదటిసారి అంబేడ్కర్ జయంతిని బహిరంగంగా జరిపినప్పుడు అది దళిత వాడల పండుగ. అరవై ఏళ్ళకు పైగా జనమే దాన్ని మోశారు. 1990లో భారతరత్న, 1991లో శతజయంతి వచ్చాక అది దేశమంతా పాటించే రోజైంది. పై కులాల ఇళ్ళలో విషుక్కణి చూసే పొద్దున సెలవు ఎవరి పేర వచ్చిందో ఒక్కసారి తలచుకుంటే బాగుంటుంది. కామాఠిపురకూ అంబేడ్కర్‌కూ నేరుగా సంబంధం ఉంది. 1936 జూన్‌లో పరేల్‌లోని దామోదర్ హాల్లో ఆయన కామాఠిపుర దేవదాసీలు, మురళీలు, జోగతిలతో మాట్లాడారు. ఆ బతుకు వదిలి రమ్మని సూటిగా అడిగారు.

చట్టం సంగతికి వస్తే, నేటికీ రాష్ట్రాలు సెలవులు ప్రకటించేది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షన్ కింద. చెక్కులు, హుండీలు ఏ రోజు చెల్లించాలో చెప్పే చట్టం అది. డబ్బు చేతులు మారని రోజే సెలవు అన్నది దాని లెక్క. ఆ చట్టంలో ఆదివారం మొదటి నుంచీ ఉంది. బ్యాంకు మూసుకుంటుంది, కోర్టు మూసుకుంటుంది, కచేరీ మూసుకుంటుంది. తాడ్‌దేవ్, పరేల్ మిల్లు గొట్టాల పొగ మాత్రం ఆగేది కాదు. కరెంటు దీపాలు రాని ఆ కాలంలో మిల్లుకు గడియారం సూర్యుడే. తెల్లారితే మొదలు, పొద్దుగూకితే ముగింపు. చైత్రం వచ్చి పగలు పొడుగైతే పనిగంటలూ పొడుగయ్యేవి. కవులు కోయిలను విన్న ఋతువులో నూలు కార్మికుడు అదనపు గంట నిలబడి పని చేశాడు.

దీన్ని ఎదిరించిన మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే. 1848లో పుట్టారు. మిల్లులో స్టోర్ కీపర్‌గా పని చేసి కార్మికుల కష్టం కళ్ళారా చూశారు. 1884లో కార్మికుల సభలు పెట్టి, ఐదు వేలకు పైగా సంతకాలతో ఫ్యాక్టరీ కమిషన్‌కు విన్నపం పంపారు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పని ఉదయం ఆరున్నర నుంచి సూర్యాస్తమయం దాకా మాత్రమే, జీతం మరుసటి నెల 15వ తేదీలోగా, పనిలో గాయపడితే పరిహారం. ఇవీ కోరికలు. నేడు చదివితే ఇవి కూడా అడగాల్సి వచ్చిందా అనిపిస్తుంది. హిందూ పండుగలకు ఎలాగూ మిల్లు మూస్తున్నాం, ఇక ఆదివారం ఎందుకన్నది యజమానుల వాదన. ఆదివారం క్రైస్తవుల రోజన్న మాటా ఉండేది. దానికి జవాబుగా ఆదివారం ఖండోబా వారమని లోఖండే అన్నారని మరాఠీ కార్మిక చరిత్రల్లో చెబుతారు.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఆగాలి. మరాఠీ ఖండోబా, తెలంగాణ మల్లన్న ఒకే దేవుడు. పసుపు బండారి ఒకటే. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా ఆదివారాల్లోనే సాగుతుంది. గొల్ల కురుమల ఇళ్ళలో పట్నం వేసేది ఆదివారాలే. కాబట్టి ఆదివారం తెల్లదొరల రోజు కాదన్న వాదన జేజూరి ఖండోబా మొక్కు ఉన్న మరాఠీ కార్మికుడికి ఎంత బాగా అర్థమైందో, కొమురవెల్లి మొక్కు ఉన్న తెలుగు కార్మికుడికీ అంతే బాగా అర్థమై ఉండాలి.

1890 ఏప్రిల్ 24. వికృతి నామ సంవత్సర ఉగాది వెళ్ళి నెల దాటింది. లోఖండే పిలుపు మీద పది వేల మంది మిల్లు కార్మికులు సభకు వచ్చారు. ఇద్దరు స్త్రీ కార్మికులు లేచి మాట్లాడారు. ఆ కాలంలో అది మామూలు సంగతి కాదు. వారానికి ఒకరోజు సెలవు కావాలని ఆ సభ మిల్లు యజమానుల సంఘానికి విన్నపం పెట్టింది. జూన్ 10న యజమానులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది, 1891 ఫ్యాక్టరీ చట్టం వారపు సెలవును శాసనం చేసింది. లోఖండే 1897లో ప్లేగుతో పోయారు. బొంబాయిలో ప్లేగు చెలరేగిన నెలలవి. రోగులకు సేవ చేస్తూ ఆయనే రోగి అయ్యారు.

లోఖండే ఆయుధం ఆయన పత్రిక దీనబంధు. 1877లో పుణేలో కృష్ణారావు భాలేకర్ మొదలుపెట్టిన ఆ పత్రిక 1880లో లోఖండే చేతికి వచ్చి బొంబాయి నుంచి నడిచింది. మహాత్మా జోతిరావు పూలే 1873 సెప్టెంబరు 24న స్థాపించిన సత్యశోధక సమాజపు గొంతు అది. బొంబాయిలో ఆ సమాజానికి, ఆ పత్రికకు అండగా నిలిచిన మిత్రమండలిలో తెలుగువాళ్ళు ముఖ్యులు. రామయ్య వెంకయ్య అయ్యవారు. వెంకు బాలోజీ కాళేవార్. జయ కరాడి లింగు. నరసింగరావు సాయబు వడ్నాల. పూలే జీవితచరిత్రల్లో, సత్యశోధక సమాజపు చరిత్రల్లో ఈ పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఇంటిపేరు చివర మరాఠీ పద్ధతిలో ‘వార్’ చేరిందేమో గానీ, వెంకు అన్న పేరు వినగానే ఏ జిల్లా గాలి తగులుతుందో చెప్పనక్కర్లేదు.

వీళ్ళు కట్టడాల కాంట్రాక్టర్లు. కామాఠీ కూలీల నుంచి ఎదిగిన రెండో మెట్టు. పూలే కూడా వృత్తిరీత్యా కాంట్రాక్టరే, ఖడక్‌వాస్లా ఆనకట్ట పనికి రాయి సరఫరా చేసిన మనిషి. రాతి పని, సున్నం పని, కూలీల హాజరు పట్టీ తెలిసిన వాళ్ళ మధ్య స్నేహం అది. కింది కులాల్లో పుట్టి చేతి పనితో డబ్బు చూసిన తెలుగువాళ్ళు, చదువు శూద్రులకు అతిశూద్రులకు అందాలన్న పూలే మాటలో తమ బతుకే విన్నారు. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ ఎదురుగా నిలిచిన బొంబాయి మున్సిపల్ కార్పొరేషన్ భవనం ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్ గీసిన నమూనా. 1893లో పూర్తయింది. దాని కాంట్రాక్టర్ వెంకు బాలోజీ కాళేవార్. మంజూరైన 11,88,082 రూపాయల్లో 68,113 రూపాయలు మిగిల్చి, 11,19,969కే పని ముగిసిన భవనం అది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడపడానికి తీర్మానాలు చేసిన గోడలు కూడా తెలుగువాడి చేతిమీదుగా లేచినవే. ఇంత పెద్ద సంగతి తెలుగు పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగానైనా లేకపోవడం బాధాకరం.

పూలే పుట్టింది 1827 ఏప్రిల్ 11న. ఆయనకు మహాత్మా అన్న బిరుదు ఇచ్చిన సభ జరిగింది బొంబాయిలోనే, 1888 మే 11న, మాండ్వి కోలీవాడాలో. ఈ రెండు తేదీల మధ్య ఏప్రిల్ 14 ఉంది, ఏప్రిల్ 24 ఉంది, మే 1 ఉంది. చైత్ర వైశాఖాల్లో కామాఠిపుర తెలుగువాళ్ళ అసలు చరిత్ర అంతా ఈ తేదీల్లోనే పరచుకొని ఉంది. పూలే జయంతి మాత్రం మహారాష్ట్ర ప్రభుత్వ సెలవుల జాబితాలో లేదు.

ఇదే నగరంలో ఉగాదికి మరో తెలుగు చరిత్ర ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో 1893లో అమృతాంజనం పెట్టారు, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ఇక్కడి నుంచే మొదలుపెట్టారు. ఉగాదికి లావుపాటి ప్రత్యేక సంచిక వేసే ఆనవాయితీ ఈ బొంబాయి రోజుల్లోనే, 1910 సాధారణ నామ సంవత్సరంతో మొదలైంది. 1914 ఏప్రిల్ 1న పత్రిక మద్రాసులో దినపత్రికైంది. తర్వాతి కాలంలో ప్రతి తెలుగు పత్రికా అనుకరించిన ఉగాది సంచిక అన్న సంప్రదాయానికి పుట్టిల్లు బొంబాయి. కోస్తా నుంచి వచ్చిన చదువుకున్న తెలుగువాళ్ళు, తెలంగాణ నుంచి వచ్చిన రెక్కల కష్టం తెలుగువాళ్ళు ఒకే నగరంలో రెండు వేర్వేరు తోవల్లో నడిచారు. ఒకరు మామిడి తోరణాల కవితలు అచ్చు వేశారు, మరొకరు ఆ తోరణం కట్టే గుమ్మం కట్టారు. సాహిత్య చరిత్ర మొదటివాళ్ళను గుర్తుంచుకుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కాలాన్ని ఒక దారికి తెచ్చే పని సర్కారు చేపట్టింది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం వేసింది. ఆ సంఘం సిఫారసు మీద 1957 మార్చి 22ను చైత్రం 1, శకం 1879గా తీసుకొని జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి వార్తల్లో, ప్రభుత్వ గెజిట్‌లో ఆ పంచాంగం తేదీ ఉంటుంది. ఉగాది పచ్చడి మాత్రం చంద్రుడినే నమ్ముకుంది. 1960 మే 1న భాషా ప్రాతిపదికన మహారాష్ట్ర ఏర్పడింది. కార్మిక దినమూ రాష్ట్ర దినమూ ఒకటైన ఆ తేదీ కూడా మిల్లు వాడలు అడిగి తెచ్చుకున్నదే.

ఇంత సెలవుల కథలోనూ ఒక చేదు నిజం ఉంది. ఏ కామాఠీ పేరుతో ఈ పేట వెలిసిందో, ఆ కట్టుబడి కూలీకి సెలవు ఎన్నడూ జీతంతో రాలేదు. మిల్లు కార్మికుడు 1890లో ఆదివారం తెచ్చుకున్నాడు. బ్యాంకు గుమాస్తాకు 1881 నుంచే ఉంది. నాకా మీద నిలబడి మేస్త్రీ పిలుపు కోసం చూసే అడ్డా కూలీకి పండుగ అంటే ఆ పూట కూలి పోవడం. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ తన వలసను మూడు మాటల్లో చెప్పుకుంటే, ఆ మధ్య మాటకు ఎక్కువగా బలైంది పాలమూరు కూలీలు. ఉగాదికి ఊరికి పోవాలంటే నాలుగు రోజుల కూలి వదులుకోవాలి, బస్సు కిరాయి పెట్టుకోవాలి. అందుకే చాలామంది ఇక్కడే కొత్త కుండ కొని, మధ్యాహ్నం పని లేని చోట ఒక పూట పండుగ చేసుకున్నారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన మిల్లు సమ్మె తర్వాత జీతంతో సెలవులున్న కార్మికులు కూడా ఆ వరుసలోకే జారారు. మిల్లులు మూతపడ్డాయి. తెలుగు నేతపనివాళ్ళు చాలామంది భివండీ మరమగ్గాల వైపు వెళ్ళారు. ఆదివారం కోసం అంత పోరాడిన నగరంలో ఆదివారం మళ్ళీ పనిదినమైంది.

ఇప్పుడు కామాఠిపుర మొత్తం మారబోతోంది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేపట్టిన సామూహిక పునర్నిర్మాణం కింద సుమారు 34 ఎకరాల పేటలో పాత చాళ్ళు తీసేసి ఎత్తైన భవనాలు కడతారు. ఇరుకు ఖోలీలో తరాలు గడిపిన కుటుంబాలకు సొంత ఇల్లు, సొంత కుళాయి రావడం న్యాయమే. ఎవరూ దాన్ని కాదనకూడదు. అయితే ఒక చాల్ కూలితే దాని వరండా మీద వేసిన నవమి పందిరి లెక్కలు, కులసంఘాల చందా పుస్తకాలు, చిట్టీల కాగితాలు, గోడకు వేలాడిన పాత ఫోటోలు చెత్తబండి ఎక్కుతాయి. కామాఠిపుర తెలుగువాళ్ళ చరిత్ర చాలావరకు ఆ కాగితాల్లోనే ఉంది. వేరే చోట రాసిపెట్టలేదు.

ముంబై తెలుగు సంఘాలు ఈ పని ఆలస్యం చేయకూడదు. ఏప్రిల్ 11న పూలే చిత్రానికి దండ వేసే ప్రతి చోటా అయ్యవారు, కాళేవార్, లింగు, వడ్నాల పేర్లు పలకాలి. ఏప్రిల్ 24ను తెలుగు క్యాలెండర్లలో అచ్చు వేయాలి. చాళ్ళలో పెద్దల దగ్గరున్న చందా పుస్తకాలను, ఉగాది, నవమి ఫోటోలను ఇల్లిల్లూ తిరిగి స్కాన్ చేయించాలి. ముంబైలోని తెలుగు బడుల ఉపాధ్యాయులు, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు చేయి కలిపితే ఒక్క వేసవి సెలవుల్లో అయ్యే పని ఇది. మీ ఇంట్లో కామాఠిపుర నుంచి వచ్చిన పాత కాగితం ఏదైనా ఉంటే, దయచేసి పారేయకండి.